రక్తస్రావం ఆగిన వారానికి పక్షవాతం: మెదడుకు తగిలే రెండో దెబ్బ

మెదడులో రక్తనాళం చిట్లి ఆసుపత్రిలో చేరిన మనిషికి మరుసటి రోజే ఆపరేషన్ జరిగింది. చిట్లిన చోటు మూసుకుంది. మూడో రోజుకు కళ్లు తెరిచి, ఇంట్లోవాళ్లను పేర్లు పెట్టి పిలిచి, కాఫీ అడిగారు. గండం గడిచిందని బంధువులకు ఫోన్లు వెళ్లాయి. ఏడో రోజు ఉదయం నర్సు రెండు చేతులూ పైకెత్తమంటే కుడిచెయ్యి మెల్లగా కిందికి వాలిపోయింది. మాట తడబడింది. సాయంత్రానికి పిలిస్తే పలకడం తగ్గింది. ఇలాంటప్పుడు ఇంటివాళ్లకు వచ్చే అనుమానం ఒక్కటే: మళ్లీ రక్తం కారిందా? స్కాన్ చేస్తే కొత్త రక్తస్రావం ఏమీ కనిపించదు. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మెదడులో ఒక భాగానికి రక్తం అందడం లేదు.

న్యూరోసర్జరీ ఐసీయూలలో పనిచేసేవారికి ఇది కొత్త కథ కాదు. ఈ తరహా రక్తస్రావం నుంచి బయటపడినవారిలో సుమారు పదిమందిలో ముగ్గురికి మొదటి రెండు వారాల్లో ఈ రెండో దెబ్బ తగులుతుంది. రక్తం పొంగి పొర్లిన తలలోనే రక్తానికి కరువు రావడం వింతగా అనిపిస్తుంది. ఆ వింత వెనక ఏముందో వెతకడం మొదలుపెట్టి డెబ్బై ఏళ్లు దాటింది. వెతుకులాట ఇంకా ముగియలేదు.

పేరు ఒకటే, జబ్బులు వేరు

వాడుకలో పక్షవాతం అనే మాట ఒక్కటే ఉంది. వైద్యులు మాత్రం స్ట్రోక్‌ను రెండు రకాలుగా చూస్తారు. నాళం పూడుకుపోయి మెదడుకు రక్తం అందకపోతే అది ఇస్కీమిక్ స్ట్రోక్. నాళం చిట్లి రక్తం బయటికి కారితే హెమరేజిక్ స్ట్రోక్. మొదటిదే ఎక్కువమందికి వస్తుంది. రెండోదాంట్లో మళ్లీ రెండు దారులు. రక్తం మెదడు కణజాలం లోపలికే కారవచ్చు. అదుపులో లేని బీపీ వల్ల వచ్చేది ఎక్కువగా ఇదే. లేదా మెదడు ఉపరితలం మీద, దాన్ని కప్పి ఉన్న పొరల మధ్య కారవచ్చు. ఈ రెండోదాని పేరు సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్. మొత్తం స్ట్రోకులలో దీని వాటా 5 శాతం దాకా ఉంటుంది. చూడటానికి చిన్న అంకె. కానీ తక్కిన స్ట్రోకులతో పోలిస్తే ఇది తక్కువ వయసులో, యాభైల్లో ఉన్నవారికి, సంసారం నడుపుతున్నవారికి వస్తుంది. వచ్చినవారిలో కొందరు ఆసుపత్రి గుమ్మం తొక్కకముందే చనిపోతారు.

చిట్లడం, పూడుకుపోవడం పరస్పర విరుద్ధమైన జబ్బులని, ఒకదానికి మందు మరోదానికి విషమని అందరికీ తెలుసు. తెలియనిదల్లా, ఒకటి మరోదానికి కారణం కాగలదన్నదే.

నీటిలో మునిగి ఉండే ధమనులు

మెదడును మూడు పొరలు కప్పి ఉంటాయని పాఠశాల జీవశాస్త్రంలో చదువుకున్నదే. పుర్రెకు ఆనుకుని గట్టిగా ఉండేది వరాశిక. దాని కింద సాలెగూడులాంటి పలుచని లౌతికళ. మెదడు ముడతలను అంటిపెట్టుకుని ఉండేది మృద్వి. లౌతికళకూ మృద్వికీ మధ్య ఉన్న సందులో మస్తిష్క మేరుద్రవం ప్రవహిస్తూ ఉంటుంది. పెద్దవారిలో ఏ సమయంలో చూసినా ఈ ద్రవం 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు అర లీటరు దాకా కొత్తది ఊరుతూ, పాతది రక్తంలోకి వెళ్లిపోతూ ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి, తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది. మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమనులు మెదడు లోపల ఉండవు. మెదడు అడుగున, ఈ ద్రవం నిండిన సందులోనే అవి ఒకదానితో ఒకటి కలిసి వలయంలా ఏర్పడతాయి. 1664లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ దాన్ని వివరంగా వర్ణించాడు కాబట్టి దానికి విల్లిస్ వలయం అని పేరు. ఆయన పుస్తకానికి బొమ్మలు గీసిన వ్యక్తి క్రిస్టఫర్ రెన్, తర్వాత లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌ను కట్టిన వాస్తుశిల్పి.

ఈ వలయంలో ధమనులు చీలే మలుపుల దగ్గర గోడ బలహీనపడి, పాత సైకిల్ ట్యూబు ఒకచోట ఉబ్బినట్టు ఉబ్బుతుంది. అదే ఎన్యూరిజమ్. పెద్దవారిలో నూటికి ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. చాలామందికి జీవితాంతం ఉన్నట్టే తెలియదు, దానివల్ల ఏమీ కాదు. పొగతాగడం, అధిక బీపీ ఉన్నవారిలో, దగ్గరి రక్తసంబంధీకులలో ఇద్దరికి ఈ జబ్బు వచ్చిన కుటుంబాలలో ప్రమాదం ఎక్కువ. అది చిట్లిన క్షణంలో ధమనిలోని ఒత్తిడితో రక్తం ఆ సందులోకి చిమ్ముతుంది. బాంబు పేలినట్టు, తల మీద ఎవరో బండతో మోదినట్టు నొప్పి వచ్చిందని బతికినవారు చెబుతారు. పార్శ్వనొప్పి మెల్లగా పెరుగుతుంది. ఇది ఒక్క నిమిషంలోనే శిఖరానికి చేరుతుంది. వాంతి, మెడ పట్టేయడం, స్పృహ తప్పడం వెంటవెంటనే రావచ్చు.

మొదటి పని, చిట్లిన బుడగను మూసేయడం. మొదటి 24 గంటల్లో అది మళ్లీ చిట్లే ప్రమాదం చాలా ఎక్కువ, అలా చిట్లితే బతకడం కష్టం. 1937లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ బుడగ మెడకు చిన్న లోహపు క్లిప్పు పెట్టి ఈ చికిత్సకు దారి తీశాడు. 1990లో ఇటలీకి చెందిన గ్యుడో గుల్యెల్మీ పుర్రె తెరవకుండానే, తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, బుడగ లోపల ప్లాటినమ్ తీగచుట్టలు నింపే పద్ధతిని మనుషుల్లో మొదలుపెట్టాడు. రెండు పద్ధతులూ ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. క్లిప్ అయినా కాయిల్ అయినా చేసేది ఒక్కటే, రక్తం కారడం ఆపడం. అప్పటికే కారిన రక్తం మాత్రం ధమనుల చుట్టూ గడ్డకట్టి అక్కడే ఉంటుంది.

ఏడో రోజే ఎందుకు?

1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు ధమనులను ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రఫీని కనిపెట్టాడు. అప్పటి నుంచి బతికున్న మనిషి తలలో నాళాలు ఎలా ఉన్నాయో చూడటం సాధ్యమైంది. 1951లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఆర్థర్ ఎకర్, పాల్ రీమెన్‌ష్నైడర్ అనే వైద్యులు ఎన్యూరిజమ్ చిట్లినవారి ఎక్స్‌రేలలో ధమనులు సన్నబడి ఉండటం గమనించి ప్రచురించారు. దీనికే వాసోస్పాజమ్, అంటే నాళ సంకోచం అని పేరు పడింది. తర్వాత కెనడాలో బ్రైస్ వీర్ బృందం వందల ఎక్స్‌రేలను తేదీల వారీగా పేర్చి 1978లో ఒక కాలపట్టిక తయారుచేసింది. రక్తస్రావమైన మూడో రోజుకు ముందు సంకోచం దాదాపు ఉండదు. ఆరు నుంచి ఎనిమిది రోజుల మధ్య అది పతాక స్థాయికి చేరుతుంది. రెండు వారాలకు చాలావరకు తగ్గిపోతుంది. నేటికీ ఐసీయూలు నడిచేది ఈ పట్టిక ప్రకారమే.

1980లో బోస్టన్‌లో మిల్లర్ ఫిషర్ మరో ముక్క జోడించాడు. 47 మంది రోగుల సీటీ స్కాన్‌లను చూస్తే, ధమనుల చుట్టూ రక్తం మందంగా పేరుకున్న 24 మందిలో 23 మందికి తీవ్రమైన సంకోచం వచ్చింది. రక్తం కనిపించనివారిలో, లేదా పలుచగా పరుచుకున్నవారిలో, 18 మందికి ఒక్కరికే వచ్చింది. దీంతో దోషి దొరికినట్టయింది. ధమనిని బయటి నుంచి చుట్టుముట్టిన పాత రక్తమే ఆ దోషి.

ఆలస్యానికి కారణం కూడా ఇందులోనే ఉంది. కారిన రక్తంలోని ఎర్రకణాలు వెంటనే చావవు. దెబ్బ తగిలిన చోట చర్మం మొదట నల్లబడి, కొన్ని రోజులకు ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారడం అందరూ చూసిందే. అది చర్మం కింద చిక్కుకున్న హీమోగ్లోబిన్ విరిగి, పైత్యరసపు రంగు పదార్థాలుగా మారే క్రమం. తలలోనూ అదే జరుగుతుంది. రెండు మూడు రోజుల తర్వాత కణాలు పగలడం మొదలై, వాటి కడుపులోని హీమోగ్లోబిన్ ద్రవంలోకి వస్తుంది. నడుము దగ్గర సూదితో ఆ ద్రవాన్ని తీస్తే పసుపు రంగులో కనిపించేది అందుకే.

ఎర్రకణం లోపల ఉన్నంతసేపూ హీమోగ్లోబిన్ ప్రాణదాత. బయటపడితే అదే విషం. ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయు అణువును విడుదల చేస్తూ, గోడలోని కండరాన్ని సడలించి ఉంచుతుంది. ఈ పాత్రను కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. స్వేచ్ఛగా తిరిగే హీమోగ్లోబిన్ ఆ అణువులను పుట్టినవి పుట్టినట్టు పట్టేసుకుంటుంది. మరోవైపు ఎండోథెలిన్ అనే పదార్థం పెరుగుతుంది. 1988లో జపాన్‌లో గుర్తించిన ఈ పదార్థం, నాళాలను బిగించేవాటిలో అత్యంత బలమైనవాటి కోవలోది. సడలించేది తగ్గి, బిగించేది పెరిగి, కండర కణాల్లోకి కాల్షియం చేరి ధమని ముడుచుకుంటుంది. గంటలు కాదు, రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది.

గొట్టం వ్యాసార్ధం సగమైతే, ఒత్తిడి మారనప్పుడు అందులో ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. మెదడులో లెక్క ఇంత కఠినంగా ఉండదు. పెద్ద ధమని బిగుసుకుంటే దిగువనున్న చిన్న నాళాలు వెడల్పై కొంత సర్దుకుంటాయి. ఆ సర్దుబాటుకూ హద్దుంది. మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం వెళుతుంది. అది 20కి దిగువకు పడితే నాడీకణాలు పనిచేయడం ఆపేస్తాయి, కానీ చనిపోవు. 10కి దిగితే చనిపోతాయి. ఈ రెండు అంకెల మధ్యనున్న మెదడు మూగబోయిన మెదడు. చెయ్యి వాలిపోయింది కానీ చెయ్యి పోలేదు. ఐసీయూలో జరిగే హడావుడి అంతా ఆ మధ్య ఖాళీలో ఉన్న భాగాన్ని కాపాడటానికే.

నాళం తెరుచుకుంది, మనిషి కోలుకోలేదు

ఇంతవరకూ కథ చక్కగా కుదిరింది. రక్తం పేరుకుంది, ధమని బిగిసింది, మెదడు ఎండిపోయింది. బిగిసిన ధమనిని సడలిస్తే సమస్య తీరాలి. వైద్యంలో చక్కగా కుదిరిన కథలను ప్రయోగాలు తరచుగా చెడగొడతాయి. ఇక్కడా అదే జరిగింది.

ఎండోథెలిన్ పనిని అడ్డుకునే క్లాజోసెంటాన్ అనే మందును 413 మందిపై పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మందు ఇవ్వనివారిలో 66 శాతానికి చెప్పుకోదగ్గ సంకోచం వస్తే, ఎక్కువ మోతాదు ఇచ్చినవారిలో 23 శాతానికే వచ్చింది. అద్భుతమైన ఫలితం. ఆ తర్వాత వెయ్యిమందికి పైగా రోగులపై చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. రోగులు కోలుకున్న తీరులో తేడా లేదు. జపాన్ తన సొంత పరీక్షల ఆధారంగా 2022లో ఈ మందుకు అనుమతి ఇచ్చింది. మిగతా ప్రపంచంలో చాలా దేశాలు ఇంకా నమ్మకానికి రాలేదు.

నిమోడిపిన్ అనే పాత మందు కథ దీనికి సరిగ్గా తలకిందులు. కాల్షియం కణాల్లోకి చేరకుండా ఆపే మందు ఇది. బ్రిటన్‌లో 554 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 1989లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో 33 శాతం మందికి మెదడులో కొంత భాగం చచ్చుబడితే, నిమోడిపిన్ తీసుకున్నవారిలో అది 22 శాతమే. చనిపోయినవారు, తీవ్ర వైకల్యం మిగిలినవారు కలిపి 33 శాతం నుంచి 20 శాతానికి తగ్గారు. కానీ యాంజియోగ్రామ్‌లలో చూస్తే ధమనుల సంకోచంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. ఒక మందు నాళాన్ని తెరిచి మనిషిని కాపాడలేకపోయింది. మరొకటి నాళాన్ని తెరవకుండానే మనిషిని కాపాడింది.

అంటే సంకోచం నిజమే కానీ అదొక్కటే కారణం కాదు. రక్తస్రావమైనవారిలో సగానికి మించి, కొన్ని లెక్కల్లో మూడింట రెండు వంతుల మందికి యాంజియోగ్రామ్‌లో సంకోచం కనిపిస్తుంది. చెయ్యో మాటో పడిపోయేది మాత్రం అందులో సగం మందికే. అందుకే 2010లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ రెండింటికీ వేరువేరు పేర్లు ఉండాలని, ఎక్స్‌రేలో కనిపించేది వాసోస్పాజమ్, రోగిలో కనిపించేది డిలేడ్ సెరిబ్రల్ ఇస్కీమియా అని తేల్చింది.

మిగతా కారణాలలో ఒకదాని మూలం పాత ప్రయోగమొకదానిలో ఉంది. 1944లో అరిస్టీడెస్ లెయావో అనే యువ బ్రెజిల్ పరిశోధకుడు కుందేళ్ల మెదడు మీద ఒకచోట ప్రేరేపిస్తే, అక్కడి నుంచి విద్యుత్ నిశ్శబ్దం నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల వేగంతో పాకడం గమనించాడు. చెరువులో రాయి వేస్తే అల పాకినట్టే, కాకపోతే నత్తనడకన. ఆ అల వెళ్లిన చోటల్లా కణాల బ్యాటరీలు ఖాళీ అవుతాయి. మళ్లీ నింపుకోవడానికి ఎక్కువ రక్తం కావాలి, ఆరోగ్యంగా ఉన్న మెదడులో నాళాలు వెడల్పై ఆ రక్తాన్ని అందిస్తాయి. బెర్లిన్‌లో యెన్స్ డ్రయర్ బృందం సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్ రోగుల మెదడు మీద ఎలక్ట్రోడ్లు ఉంచి, ఇలాంటి అలలు వాళ్లలో పదేపదే పుడుతున్నాయని చూపింది. హీమోగ్లోబిన్‌లో నానిన మెదడులో అల వచ్చినప్పుడు చిన్న నాళాలు వెడల్పు కావాల్సింది పోయి ముడుచుకుపోతాయి. ఆకలిగా ఉన్నవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టు. వీటికి తోడు సన్ననాళాల్లో చిన్నచిన్న రక్తపు గడ్డలు ఏర్పడటం, రక్తం చిమ్మిన తొలి నిమిషాల్లోనే మెదడుకు జరిగిన నష్టం కూడా లెక్కలోకి వస్తాయి.

"మీ పేరేంటి? చేతులు పైకెత్తండి"

ఐసీయూలో గంట గంటకూ రోగిని లేపి అవే ప్రశ్నలు అడుగుతుంటే ఇంటివాళ్లకు చిరాకు వేస్తుంది, నిద్రపోనివ్వరెందుకని. నిజానికి ఈ దశలో అంతకన్నా విలువైన పరీక్ష లేదు. ఏ స్కాన్ కన్నా ముందు కబురు చెప్పేది వాలిన చెయ్యి, తప్పిన మాట, మందగించిన స్పృహే.

యంత్రాలలో ముఖ్యమైనది ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. 1982లో నార్వే శాస్త్రవేత్త రూనె ఆస్లిద్ కణత దగ్గరి పలుచని ఎముక గుండా ధ్వని తరంగాలు పంపి, మెదడు ధమనిలో రక్తం వేగాన్ని కొలిచాడు. నీళ్ల పైపు కొసను బొటనవేలితో నొక్కితే ధార జోరు పెరుగుతుంది. ధమని సన్నబడినా అంతే. సగటు వేగం సెకనుకు 120 సెంటీమీటర్లు దాటితే అనుమానం, 200 దాటితే తీవ్రమైన సంకోచం. జ్వరం, రక్తహీనత ఉన్నా వేగం పెరుగుతుంది కాబట్టి మెడలోని ధమని వేగంతో పోల్చి చూస్తారు. మంచం దగ్గరే, సూది గుచ్చకుండా, రోజూ చేయగల పరీక్ష ఇది.

స్పృహలో లేని రోగి విషయమే కష్టం. చెయ్యి ఎత్తమంటే ఎత్తలేని మనిషిలో కొత్తగా చెయ్యి పడిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? అలాంటివారికి సీటీ పర్‌ఫ్యూజన్, ఈఈజీ వంటివి ఆసరా.

ఉప్పు, నీళ్లు, బీపీ

ఈ రోగులలో చాలామందికి రక్తంలో సోడియం పడిపోతుంది. ఇతర జబ్బుల్లో సోడియం తగ్గితే నీళ్లు తగ్గించడం ఒక అలవాటైన చికిత్స. ఇక్కడా ఒకప్పుడు అదే చేసేవారు. 1985లో నెదర్లాండ్స్‌కు చెందిన వైద్యులు 134 మంది రోగుల రికార్డులు తిరగేశారు. సోడియం పడిపోయిన 44 మందిలో 27 మందికి మెదడు కొంత భాగం చచ్చుబడింది. పడిపోని 90 మందిలో 19 మందికే ఆ పరిస్థితి వచ్చింది. నీళ్లు కట్టడి చేసినవారి పరిస్థితి మరీ దారుణం. చాలామందిలో మూత్రం ద్వారా ఉప్పు, దాంతోపాటు నీరు పోతున్నాయి, అంటే వాళ్లు అప్పటికే ఎండిపోయి ఉన్నారు. ఎండిన మనిషికి నీళ్లు ఆపితే సన్నబడిన ధమని గుండా వెళ్లడానికి రక్తం ఎక్కడిది? అప్పటి నుంచి ఈ రోగులకు నీళ్లు తగ్గించరు, ఉప్పు ఇస్తారు.

ఆ తర్వాత వైద్యులు మరో కొసకు వెళ్లారు. నీళ్లు అతిగా ఎక్కించి, రక్తం పలచన చేసి, బీపీ పెంచే త్రిముఖ చికిత్స ఏళ్ల తరబడి నడిచింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం తప్ప అదనపు నీళ్ల వల్ల లాభం కనిపించలేదు. ఇప్పుడు నీళ్లు తగినంత ఉంచి, లక్షణాలు కనిపించినప్పుడు బీపీ మాత్రం మందులతో పెంచుతారు. రక్తనాళం చిట్లి వచ్చిన మనిషికి బీపీ పెంచుతున్నామని చెబితే కుటుంబం భయపడటం సహజమే. చిట్లిన చోటు అప్పటికే మూసి ఉంది కాబట్టే అది సాధ్యం. బిగిసిన ధమని గుండా రక్తాన్ని కాస్త జోరుగా నెట్టడమే ఉద్దేశం. దీని లాభాన్ని పక్కాగా తేల్చాలని మొదలైన పరీక్ష ఒకటి తగినంత మంది రోగులు చేరక అర్ధంతరంగా ఆగిపోయింది. అంటే ప్రపంచమంతా చేస్తున్న చికిత్సకు గట్టి రుజువు ఇంకా లేదు. అయినా బీపీ పెంచిన గంటలోనే వాలిన చెయ్యి లేవడం కళ్లారా చూసిన వైద్యులు దాన్ని వదులుకోరు. వదులుకోకపోవడమే సబబుగా కనిపిస్తుంది. దానికీ లొంగకపోతే ధమని లోపలికి గొట్టం పంపి నేరుగా మందు వదలడమో, చిన్న బెలూన్‌తో వెడల్పు చేయడమో చేస్తారు.

మెగ్నీషియం మీద చాలా ఆశ ఉండేది. 1,204 మందిపై చేసిన పరీక్ష 2012లో ఆ ఆశను తుంచేసింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలదీ 2014లో అదే గతి. చివరికి చేతిలో మిగిలింది నిమోడిపిన్ ఒక్కటే. 60 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు గంటలకోసారి, 21 రోజులు. ఇందులో ఒక చిక్కుంది. రోగి బాగుండి రెండు వారాలకే ఇంటికి వెళితే మిగిలిన రోజుల మాత్రలు ఇంట్లోనే వేయాలి, అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా అలారం పెట్టుకుని లేచి మరీ. తలనొప్పి మాత్రలే కదా అని రాత్రిపూటవి మానేసే ఇళ్లున్నాయి. మాత్ర వేశాక బీపీ మరీ పడిపోతుంటే మోతాదు విడగొట్టడం వైద్యులు చేయాల్సిన పని, ఇంట్లో నిర్ణయించుకునేది కాదు.

రక్తం మెదడు లోపలికే కారినప్పుడు

బీపీ వల్ల మెదడు కణజాలంలోకి రక్తం కారినవారిలోనూ తర్వాత ఇస్కీమిక్ స్ట్రోక్ రావచ్చు. దారి మాత్రం వేరు. బీపీ, షుగర్, పొగ దెబ్బతీసిన నాళాలు కొన్నిచోట్ల చిట్లుతాయి, కొన్నిచోట్ల పూడుకుపోతాయి. జబ్బు మొత్తం నాళవ్యవస్థది. పైగా గుండె కోసం వాడుతున్న ఆస్పిరిన్ వంటి మందులను రక్తస్రావం కాగానే ఆపేస్తారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది వైద్యులను కలవరపెట్టే ప్రశ్న. బ్రిటన్‌లో 537 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. కొంతకాలం తర్వాత ఆ మందులు తిరిగి మొదలుపెట్టినవారిలో మళ్లీ రక్తస్రావం పెరుగుతుందన్న భయం నిజం కాలేదు. 12 మందికి రక్తస్రావమైతే, మందులు మానేసినవారిలో 23 మందికి అయింది. దీనర్థం ఎవరికి వారు మొదలుపెట్టవచ్చని కాదు, "జీవితంలో ఇక ఆస్పిరిన్ ముట్టకూడదు" అనే పాత మాటను వైద్యుడితో కలిసి మరోసారి ఆలోచించవచ్చని.

తలనొప్పికీ ఆసుపత్రికీ మధ్య

ఏడో రోజు గండాన్ని ఎదుర్కోవడానికి మొదటి రోజు ఆసుపత్రిలో ఉండటం ముఖ్యం. మన దేశంలో ఆ మొదటి రోజులే తరచుగా జారిపోతాయి. హఠాత్తుగా వచ్చిన తలనొప్పిని పైత్యమనో, ఎండదెబ్బనో, పార్శ్వనొప్పనో అనుకుని మందుల షాపులో మాత్ర కొనడం, నొప్పి కాస్త తగ్గగానే ఊరుకోవడం మామూలు. వారానికి చెయ్యి పడిపోయాక పెద్దాసుపత్రికి వస్తారు. అప్పటికి బుడగ మూయలేదు కాబట్టి బీపీ పెంచితే మళ్లీ చిట్లుతుంది. పెంచకపోతే బిగిసిన ధమని దిగువన మెదడు ఎండిపోతుంది. రెండు చేతులూ కట్టేసిన పరిస్థితి అది.

రక్తస్రావమైన ఆరు గంటల్లోపు మంచి యంత్రం మీద తీసిన సీటీ స్కాన్‌లో ఇది దాదాపు ఎప్పుడూ తప్పిపోదు. రోజులు గడిచేకొద్దీ రక్తం పలచనై స్కాన్‌లో కనిపించడం తగ్గుతుంది, అప్పుడు నడుము సూదితో ద్రవం తీసి చూడాల్సి వస్తుంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ కేంద్రంగా మొదలై, తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకిన 108 అంబులెన్సును గుండెనొప్పికి పిలవడం జనానికి అలవాటైంది. ఒక్క నిమిషంలో భరించలేని స్థాయికి చేరిన తలనొప్పికి కూడా పిలవాల్సిన నంబరు అదే.

కారిన రక్తాన్ని కడిగేస్తే?

దోషి పాత రక్తమే అయితే దాన్ని తోడేయడం మేలు కదా? ఈ ఆలోచన ఫిషర్ కాలం నుంచీ ఉంది. జర్మనీ, స్విట్జర్లాండ్, కెనడాలలో 287 మందిపై జరిపిన పరీక్షలో బుడగ మూసిన వెంటనే నడుము దగ్గర సన్నని గొట్టం పెట్టి, గంటకు 5 మిల్లీలీటర్ల చొప్పున రక్తం కలిసిన ద్రవాన్ని కొన్ని రోజులు బయటికి వదిలారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరు నెలల తర్వాత చెడు పరిస్థితిలో మిగిలినవారు 44.8 శాతం నుంచి 32.6 శాతానికి తగ్గారు. ఖరీదైన మందు కాదు, మత్తుమందు ఇచ్చే వైద్యులకు బాగా తెలిసిన ప్రక్రియ. తలలో ఒత్తిడి మరీ ఎక్కువగా ఉన్నవారికి మాత్రం నడుము నుంచి ద్రవం తీయడం ప్రాణాంతకం కాగలదు, అందుకే ఎవరికి తగునో ముందుగా చూసుకోవాలి.

మరో దారి, హీమోగ్లోబిన్‌ను అక్కడికక్కడే పట్టి బంధించడం. రక్తంలో ఆ పని చేయడానికి ప్రకృతి హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ను పెట్టింది. మెదడు ద్రవంలో అది చాలా తక్కువ. జ్యూరిక్ పరిశోధకులు గొర్రెల మెదడు ద్రవంలోకి హాప్టోగ్లోబిన్ ఎక్కించి, హీమోగ్లోబిన్ వల్ల వచ్చే నాళ సంకోచాన్ని ఆపగలిగామని 2019లో ప్రకటించారు. జంతువుల్లో నెగ్గి మనుషుల్లో ఓడిన మందుల వరుస ఈ రంగంలో పొడవైనదే, కాబట్టి తొందరపడి సంబరపడనక్కర్లేదు. అయితే ఇందులో భారతీయులకు సంబంధించిన ముక్క ఒకటుంది. హాప్టోగ్లోబిన్ పుట్టుకతో మూడు రకాలుగా వస్తుంది. వాటిలో 2-2 అనే రకం హీమోగ్లోబిన్ చేసే నష్టాన్ని ఆపడంలో కొంత వెనకబడినది, ఈ రకం ఉన్నవారిలో రక్తస్రావం తర్వాత సంకోచం ఎక్కువని కొన్ని అధ్యయనాలు చూపాయి, మరికొన్నింటిలో ఆ తేడా కనిపించలేదు. భారతదేశంలో ఎక్కువమందికి ఉన్నది ఆ 2-2 రకమే.